అద్దాల గదిలో లైటు బంద్ చేస్తే వెలుతురు ఎటు పోతుంది? ఇంట్లోనే చూసుకోవడం ఎలా

నాలుగు గోడలూ, నేలా, పైకప్పూ అన్నీ అద్దాలే అయిన గదిలో లైటు వేసి బంద్ చేస్తే వెలుతురు అక్కడక్కడే తిరుగుతూ ఉండిపోతుందా? పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. నోటితో జవాబు చెప్పే బదులు ఒక డబ్బా చేసి చూపించడం మేలు.

హనుమకొండలో గానీ వరంగల్‌లో గానీ ఏదైనా గ్లాస్ షాపుకు వెళ్లి, అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న అద్దం ముక్కలు ఆరు కోయించుకోండి. ముక్కలన్నీ ఒకే మందంలో ఉండాలి. అంచులు గ్రైండింగ్ చేయించడం మరవొద్దు, లేకపోతే వేళ్లు తెగుతాయి. ఒక ముక్క వెనక మధ్యలో రంగునూ పూతనూ చొక్కా గుండీ అంత మేర బ్లేడుతో గీకేయాలి. అదే మన కిటికీ. ఈ పని పెద్దవాళ్లే చేయాలి.

ఇక ఒక అద్దాన్ని ముఖం పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, నాలుగింటిని దాని మీద గోడల్లా నిలబెట్టండి. ఒక్కో గోడ అంచు పక్క గోడ ముఖానికి ఆనేలా చుట్టూ ఒకే వరసలో పెడితే కొలతలు సరిపోతాయి. బయటి నుంచి బ్రౌన్ టేపు చుట్టాలి. లోపల ఒక చిన్న తెల్ల ఎల్‌ఈడీని వేలాడదీసి, సన్నటి తీగలు మూల సందులోంచి బయటికి తీసి, సీఆర్ 2032 బటన్ సెల్లుకు ఆనించండి. ఇంట్లో వాడే ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. స్విచ్ తీసేశాక కూడా కొన్ని బల్బులు కాసేపు మిణుకుమంటాయి, దాన్ని చూసి అద్దాలే వెలుతురును దాచాయని పొరబడతాం. లేజర్ లైటు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, ఎటు తిరిగి ఎవరి కంట్లో పడుతుందో చెప్పలేం. చివరగా పైన ఆరో అద్దం మూత పెట్టేయండి.

గదిలో లైట్లు తీసేసి కిటికీలోంచి చూడండి. ఒక్క ఎల్‌ఈడీ కాదు, ఎటు చూసినా వరసలు వరసలుగా ఎల్‌ఈడీలే. దూరం పోయేకొద్దీ మసకబారుతూ ఆకుపచ్చగా మారతాయి. మామూలు గాజులో ఉండే కొంచెం ఇనుము మిగతా రంగులను ఎక్కువగా మింగి ఆకుపచ్చను వదిలేస్తుంది. సెలూన్‌లో ఎదురెదురు అద్దాల మధ్య కూర్చున్నప్పుడు కనిపించే పచ్చటి సొరంగం కూడా ఇదే. ఆ వరసల్లో అక్కడక్కడా నల్లచుక్కలు కూడా ఉంటాయి. అవి మరకలు కావు, మీరు చూస్తున్న కిటికీయే. అందులో పడ్డ వెలుతురు మీ కంట్లోకి వచ్చేసింది కాబట్టి అక్కడ నలుపు.

ఇప్పుడు ఎదురుగా ఉన్న ఒక వరసను లెక్కపెట్టండి. వెనక్కి పోయేకొద్దీ ఒక్కో ఎల్‌ఈడీ వెలుతురు అద్దాలకు ఒక్కో దెబ్బ ఎక్కువ తగిలి వచ్చినట్టు. మామూలు అద్దం తన మీద పడ్డ వెలుతురులో 90 శాతం దాకా తిప్పి పంపుతుంది, మిగతాది మింగుతుంది. పది దెబ్బలకు మిగిలేది మూడో వంతు, ఇరవై రెండు దెబ్బలకు పదో వంతు. నూట ముప్పై చిల్లరకు పదిలక్షల్లో ఒక వంతు. అడుగు దూరం దాటడానికి వెలుతురుకు ఒక నానోసెకండు, అంటే సెకనులో వందకోట్ల వంతు చాలు. అంటే సెకనును కోటి భాగాలు చేస్తే అందులో రెండు భాగాలు కూడా గడవకముందే డబ్బాలో వెలుతురు అయిపోతుంది.

నమ్మకం కుదరకపోతే ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, కెమెరా కిటికీకి ఆనించి, తీగ తీసేయండి. సెకనుకు 240 ఫ్రేములు తీసినా ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ నాలుగు మిల్లీసెకండ్లు తేడా ఉంటుంది. వెలుతురు తగ్గుతూ పోవడం అందులో దొరకదు.

వెలుతురును తిప్పి పంపడానికి నునుపు ఉంటే చాలదా అనే అనుమానం కూడా వస్తుంది. పాలంపేట రామప్ప గుడిలో నల్లరాతి స్తంభాల నునుపు చూసినవాళ్లకు ఇది తెలుసు, రాయిలో నీడ కనిపిస్తుంది గానీ వెలుతురులో ఎక్కువ భాగాన్ని రాయే ఉంచుకుంటుంది. నునుపు వల్ల బొమ్మ చెదరకుండా ఉంటుంది. వెలుతురును తిప్పి పంపేది అద్దం వెనకున్న లోహపు పూత.

మరి పూత ఏ మాత్రం మింగకపోతే? పది అడుగుల గదికి అలాంటి అద్దాలే బిగించారనుకుందాం. ఎవరూ లేకపోతే వెలుతురు పోదు. చూడాలని మీరు లోపలికి వెళ్లారో, కథ మారిపోయింది. మీ ఒళ్లూ బట్టలూ కలిపి గది గోడలు, నేల, పైకప్పుల మొత్తం విస్తీర్ణంలో సుమారు మూడు శాతం. పడ్డదాంట్లో చాలా భాగం మింగేస్తారు. వెలుతురు పదిలక్షల్లో ఒక వంతుకు పడిపోవడానికి ఐదారు మైక్రోసెకండ్లు చాలు (మైక్రోసెకండంటే సెకనులో పదిలక్షల వంతు). తెల్ల లాల్చీ వేసుకుంటే ఇంకాస్త ఎక్కువ, అంతే. చూడడమంటేనే వెలుతురును మింగడం, మింగకుండా చూసే దారి లేదు.

ఇందులో మనుషులు సాధించిన మేర కూడా చెప్పుకోవాలి. 2012లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకరైన ఫ్రాన్స్ శాస్త్రవేత్త సెర్జ్ అరోష్ బృందం, మూడు సెంటీమీటర్లు కూడా లేని ఎడంలో రెండు అద్దాలు పెట్టింది. అవి విపరీతమైన చలిలో ఉంచిన సూపర్‌కండక్టర్ అద్దాలు, అంటే ఆ చలిలో కరెంటుకు ఏ అడ్డూ లేని లోహంతో చేసినవి. వాటి మధ్య ఒక ఫోటాన్, అంటే వెలుతురు రేణువు, సుమారు 0.13 సెకను నిలిచింది. ఆలోగా అది తిరిగిన దూరం సుమారు 40,000 కిలోమీటర్లు, భూమిని ఒక చుట్టు చుట్టినంత. అయితే అది కంటికి కనిపించే వెలుతురు కాదు, మైక్రోవేవ్.

ఇంకో పరీక్ష మిగిలింది. డబ్బా అడుగున నల్లకాగితం పరిచి ఎల్‌ఈడీ వెలిగించండి. నల్లనిది ఒక్క ముఖమే అయినా లోపలి వెలుగు సగానికన్నా తగ్గిపోతుంది. తర్వాత కాగితం తీసేసి ఒక చిన్న నల్లటి బొట్టుబిళ్ల అంటించండి, ఏమీ తేడా తెలియదు, ఎందుకంటే మన అద్దాలు దానికన్నా చాలా ఎక్కువ మింగుతున్నాయి. ఏమీ మింగని గదిలో అయితే లైటు వేసి ఉంచేకొద్దీ లోపల వెలుతురు పోగవుతూ ఉంటుంది. దాన్ని మింగడానికి బల్బూ, బొట్టుబిళ్లా తప్ప ఇంకేమీ లేవు కాబట్టి, ముందు మాడిపోయేవి ఆ రెండే.