కొలిమి పాఠాలు – 3: పాత దాగలి కొనేముందు

మొదటి రెండు పాఠాల్లో కొలిమి గుంట, గాలి మిషను, సుత్తెలు, పటకార్లు సమకూర్చుకున్నాం. ఇక మిగిలింది దాగలి, అంటే కాలిన ఇనుమును పెట్టి సుత్తెతో కొట్టే దిమ్మ. ఎక్కువ ఖర్చు దీనికే, మోసపోయే అవకాశం కూడా దీనితోనే. కొత్తగా పని నేర్చుకునేవాళ్లకు మంచి కొత్త దాగలి కొనడం భారమే కాబట్టి, పాతదాన్ని చూసి ఎంచుకోవడం ఎలాగో ఈ పాఠంలో నేర్చుకుందాం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పాత దాగళ్లు ఇంకా దొరుకుతున్నాయి. నాగళ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక, తొలకరికి ముందు కర్రులు సాగగొట్టించుకునే రైతులు తగ్గిపోయారు. చాలా ఊళ్లలో కొలుములు ఆరిపోయాయి. అక్కడి దాగళ్లు కొన్ని ఇంటి మూలన పడి ఉంటే, కొన్ని పాత ఇనుప సామాన్ల దుకాణాలకు చేరాయి. దుకాణంలో అన్నింటినీ తూకానికే అమ్ముతారు. మీరు మాత్రం దాగలిని కేవలం కిలోల లెక్కన చూడకండి. మీరు డబ్బు పెట్టేది దాని ముఖానికి, అంటే పైన దెబ్బ పడే పలకకు. ముఖం మెత్తబడిపోతే ఎనభై కిలోల దాగలైనా పాత ఇనుము కిందే లెక్క. ముఖం గట్టిగా ఉంటే నలభై కిలోలదైనా మీ పిల్లల కాలం దాకా పనిచేస్తుంది.

ఎందుకంటే కాలిన ఇనుము సుత్తె కింద సాగాలంటే దాని అడుగున ఉన్నది లొంగకూడదు. దాగలి మెత్తగా ఉంటే దెబ్బలో కొంత బలం దాగలికి సొట్టపెట్టడానికే పోతుంది. మీ భుజం నొస్తుంది, ఇనుము మాత్రం అనుకున్నంత సాగదు. నేర్చుకునేవాళ్లు తమకు చేతకావడం లేదనుకుని పని మానేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే.

మన ఊళ్లలో కనిపించేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మన కమ్మరి దాగలి. కొమ్ము లేకుండా, చదరపు దిమ్మలాగా ఉంటుంది. దీన్ని చెక్క మొద్దులోనో నేలలోనో పాతి, కూర్చుని పనిచేస్తారు. రెండోది ఒక వైపు కోసుగా కొమ్ము, సన్నని నడుము, వెడల్పాటి పాదం ఉన్న ఇంగ్లిషు తరహా దాగలి. దీని ముఖం మీద ఒక చదరపు బెజ్జం, ఒక గుండ్రటి బెజ్జం ఉంటాయి. చాలామంది కొమ్ము లేనిదాన్ని దాగలిగానే చూడరు. ఆ పట్టింపు వదిలేయండి. కొడవళ్లు, గొడ్డళ్లు, పలుగులు మన దగ్గర ఆ దిమ్మ మీదే తయారయ్యాయి. మంచి ఉక్కు దిమ్మ దొరికితే మొదటి రెండేళ్లు మీకు లోటేమీ ఉండదు.

అన్నింటికన్నా ముందు తేల్చుకోవాల్సింది, అది బీడా (పెళుసైన పోత ఇనుమా) ఉక్కా అన్నది. మొత్తం బీడుతో పోతపోసినవి రంగు వేసుకుని చూడ్డానికి కొత్తవాటిలా మెరుస్తుంటాయి. దెబ్బలు పడేకొద్దీ వాటి ముఖం సొట్టలు పడుతుంది, అంచులు పెళుసుగా ఊడిపోతాయి. ఇసుక పోత గరుకుదనం, అచ్చు రెండు సగాలు కలిసిన గీత, ఉబ్బెత్తు అక్షరాలు కనిపిస్తే అనుమానించండి. అయితే దాన్నిబట్టే వద్దనుకోకండి, ఉక్కుతో పోతపోసిన మేలైన దాగళ్లూ ఉన్నాయి. నడుములోనో పాదం కిందో చిన్న చదరపు గుంటలు ఉంటే మాత్రం మంచి గుర్తు. సాగగొట్టి చేసే రోజుల్లో ఎర్రగా కాలిన దిమ్మను పట్టి తిప్పడానికి కడ్డీలు దూర్చిన చోట్లు అవి. అలాంటి పాత దాగళ్లలో ఒళ్లు చేత ఇనుముది (సాగగొట్టి చేసే మెత్తని ఇనుము), ముఖం మాత్రం అతికిన ఉక్కు పలక. దాని మందం సుమారు 12 మిల్లీమీటర్లు. పక్క నుంచి చూస్తే అతుకు గీత ఒక్కోసారి కనిపిస్తుంది.

ఇక అసలు పరీక్షకు వద్దాం. పాడైన బేరింగులోంచి తీసిన ఉక్కు గోలీ ఒకటి జేబులో పెట్టుకోండి. 12 నుంచి 25 మిల్లీమీటర్ల లావు ఉంటే చాలు, మెకానిక్ షెడ్డులో అడిగితే ఇస్తారు. ఒక స్టీలు స్కేలు, ఎమరీ పేపరు ముక్క కూడా తీసుకెళ్లండి. తుప్పు పొర మీద గోలీ సరిగా ఎగరదు కాబట్టి ముందు ముఖాన్ని రుద్ది తుడవండి. స్కేలు నిలబెట్టి, 25 సెంటీమీటర్ల గుర్తు దగ్గర గోలీని రెండు వేళ్లతో పట్టుకుని వదలండి. విసరొద్దు, ఊరికే వేళ్లు విడవండి. గోలీ తిరిగి ఎంత ఎత్తుకు లేచిందో కంటిని స్కేలుకు సమానంగా పెట్టి చూడండి. 20 సెంటీమీటర్లు, ఆపైన లేస్తే దాన్ని వదులుకోకండి. 15 నుంచి 20 మధ్య ఉంటే నేర్చుకోవడానికి బాగానే పనికొస్తుంది. 12 కూడా రాకపోతే ముఖం మెత్తన. బీడు మీదైతే మూడోవంతు లేవడమే గగనం.

ఒక్క చోట వేసి ఊరుకోవద్దు. కొమ్ము దగ్గర మొదలుపెట్టి అటు చివరి దాకా రెండేసి వేళ్ల ఎడంతో వేసుకుంటూ వెళ్లండి. బెజ్జాల పక్కన, కొమ్ముకు ఎదురు వైపు కింద ఆధారం లేని తోక చివర కొంచెం తక్కువ లేవడం మామూలే. నడుముకు సరిగ్గా పైన, అంటే మీరు ఎక్కువగా కొట్టే చోట, గోలీ ఉన్నట్టుండి చతికిలపడితే అక్కడ లోపల పలక అతుకు విడిపోయి ఉండవచ్చు. ముఖమంతా ఒకేలా మెత్తగా ఉంటే ఎప్పుడో పాకకు నిప్పంటుకుని దాగలి మంటల్లో పడిందేమో, టెంపర్ (ఉక్కుకు పట్టించిన గట్టిదనం) దిగిపోయిందేమో అనుకోవాలి. అంత పెద్ద దిమ్మను మళ్లీ కాల్చి, నీళ్లతో గట్టిపరచడం ఇంటి కొలిమిలో అయ్యే పని కాదు. అలాంటిదాన్ని వదిలేయండి.

తర్వాత చెవికి పని. సంతలో కుండను వేలితో కొట్టి చూసినట్టే, చిన్న సుత్తెతో ముఖం మీద మెల్లగా తట్టండి. ఖంగుమని సాగే మోత వస్తే మంచిదే. పగిలిన మోత వస్తే ఎక్కడో బీట ఉంది. కానీ మట్టిలో కూరుకుపోయిన దాగలి, గొలుసు చుట్టిన దాగలి మంచివైనా మోగవు. బీడు ఒంటికి ఉక్కు ముఖం అతికిన రకం అసలే మోగదు, అయినా పనికి శ్రేష్ఠమైనది. అందుకే గోలీ ఒక మాట, మోత ఒక మాట చెబితే నేను గోలీ మాటే నమ్ముతాను. ఇక సుత్తెతో అంచును గట్టిగా కొట్టి చూడటం మాత్రం వద్దు. గట్టి ఉక్కు మీద గట్టి ఉక్కు పడితే చిన్న రవ్వ ఎగిరి కంట్లో పడుతుంది.

బీట ఉందన్న అనుమానం వస్తే కిరసనాయిలుతో చూడవచ్చు, అది లేకపోతే డీజిలు. అనుమానం ఉన్న చోట పూసి, పావుగంట ఆగి, గుడ్డతో పూర్తిగా పొడిగా తుడిచి, మీద సుద్దముక్క రుద్దండి. కాసేపటికి తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీత తేలితే అది బీట. నడుము దగ్గర, చదరపు బెజ్జం మూలల దగ్గర తప్పకుండా చూడండి.

ముఖం అద్దంలా మెరుస్తుంటే సంతోషపడకండి. సొట్టలు పోవడానికి గ్రైండింగో మిల్లింగో చేయించి ఉంటారు. అలా చేసినప్పుడల్లా గట్టి పలక పలచబడుతుంది. ఊడిన అంచులకు మామూలు ఎంఎస్ (మెత్తని ఉక్కు) రాడ్డుతో వెల్డింగ్ పెట్టి, రుద్ది, రంగు వేయడం కూడా ఉంది. ఆ అతుకు మెత్తగా ఉంటుంది. ముందుగా వేడి చేయకుండా పెట్టి ఉంటే దాని పక్కనున్న పాత ఉక్కు చిట్లుతుంది. ఎమరీ పేపరుతో రుద్దినప్పుడు రంగు తేడాగా మచ్చలు కనిపిస్తాయి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే ఆ చోట ఆకురాయితో ఒకసారి గీయండి. జారిపోతే గట్టిది, సులువుగా కొరికితే మెత్తది.

అంచులు కాస్త గుండ్రబడితే నష్టం లేదు. ఎక్కడో ఒక చోట బెత్తెడు పొడవున శుభ్రమైన అంచు ఉంటే చాలు. ముఖం మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల పల్లం ఉన్నా పని ఆగదు. వంకర కడ్డీలు సరిచేసేటప్పుడు అదే అక్కరకొస్తుంది. కొమ్ము మీది గాట్లు మీరే రుద్దుకోవచ్చు.

బరువు సంగతి. సుత్తె బరువుకు యాభై రెట్లు దాగలి ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. కిలో సుత్తెకు 50 కిలోలన్నమాట. ఇంగ్లండులో తయారైన పాత దాగళ్ల నడుము మీద 1 · 1 · 14 లాంటి అంకెలు ఉంటాయి. దాన్ని 114 కిలోలని చెప్పి అమ్మేవాళ్లు ఉంటారు. మొదటి అంకెను 112తో, రెండోదాన్ని 28తో హెచ్చించి మూడోది కలపాలి. ఇక్కడ 112, 28, 14 కలిపితే 154 పౌండ్లు, అంటే సుమారు 70 కిలోలు.

దాగలి దొరక్కపోతే రైలు పట్టా ముక్క వాడమని చాలామంది చెబుతారు. మాట నిజమే, పట్టాది మంచి కర్బనమున్న ఉక్కు. 60 కిలోల రకం పట్టా అంటే మీటరుకు 60 కిలోలు. అడుగు ముక్క 18 కిలోలు తూగుతుంది, తల వెడల్పు 72 మిల్లీమీటర్లు. పడుకోబెడితే సన్నని నడుము ఊగి దెబ్బ చెడుతుంది, నిలబెట్టి వాడితే బరువంతా దెబ్బ కిందికి వస్తుంది. అయితే రైల్వే సొత్తును అక్రమంగా దగ్గర పెట్టుకోవడం 1966 నాటి చట్టం కింద నేరం. వేలంలో కొన్నట్టు బిల్లు చూపించలేని దుకాణంలో పట్టా ముక్క ముట్టుకోవద్దు. దానికన్నా మిర్యాలగూడ వైపు రైసు మిల్లుల్లోంచి తీసేసిన లావుపాటి షాఫ్టు ముక్కలు నయం. మెత్తగానే ఉంటాయి కానీ నేర్చుకునే పనికి ఆగుతాయి.

కమ్మరి ఇంట్లో కొనేటప్పుడు చెప్పులు బయట విడిచి వెళ్లండి. దసరాకు పసుపు కుంకుమ పెట్టి మొక్కిన వస్తువు అది, కాలితో దొర్లించి చూడకండి. గోలీ తీసే ముందు ఇంటి పెద్దాయనను అడగండి. నేను అడిగినప్పుడు ఒకాయన, “వేసి చూడు బిడ్డా, గా నడుమ జాగ మీద వెయ్యి, మా నాయన కొట్టింది అక్కడనే” అని తనే చోటు చూపించాడు. ఏ వైపు గట్టిదో, ఏ అంచు ఎలా ఊడిందో వాడిన చేతికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. బేరం చేసేటప్పుడు పాత ఇనుము రేటు ఎత్తకండి. ముఖం మంచిదైతే అంతకు రెట్టింపు ఇచ్చినా మీకు నష్టం లేదు.

వచ్చే పాఠంలో ఈ దాగలిని తుమ్మ మొద్దు మీద ఎంత ఎత్తులో, ఎలా బిగించాలో చూద్దాం. ఈలోగా ఒక బేరింగు గోలీ సంపాదించి, లేత్ షాపులో కనిపించిన ప్రతి ఇనుప దిమ్మ మీదా వేసి, ఏది ఎంత లేచిందో కాగితం మీద రాసి పెట్టుకోండి.