రీస్టోర్ బటన్ నొక్కే ముందు

బ్యాకప్ నుంచి ఫైళ్లను వెనక్కి తెచ్చేటప్పుడు, అంటే రీస్టోర్‌లో, వాటిని పాత ఫైళ్ల మీదికే తేవద్దు. వేరే ఫోల్డర్‌లోకి తీసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూశాకే అసలు చోటికి మార్చండి. బ్యాకప్‌కు తాళంలా పెట్టిన ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ చేతిలో ఉందా?

బ్యాకప్ ఎలా జరిగిందో రాసి ఉంచే జాబ్ లాగ్‌లో 'హెచ్చరికలతో పూర్తయింది' అని ఉంటే మురిసిపోకండి, వదిలేసిన ఫైళ్ల జాబితా చదవండి. తరచూ అందులో ఉండేది, ఎవరో తెరిచి ఉంచిన అకౌంట్స్ డేటానే.

బ్యాకప్ టేపు మీద ఉంటే, డ్రైవ్‌లో పెట్టకముందే దాని మీద కొత్తగా ఏదీ రాయకుండా ఆపే రైట్ ప్రొటెక్ట్ మీట జరపండి.

గిగాబిట్ నెట్‌వర్క్ లైన్‌లో 1 టెరాబైట్ తేవడానికి సుమారు రెండున్నర గంటలు. కేబుల్‌లో ఒక జత తీగలు తెగితే లింకు 100 మెగాబిట్లకు పడిపోవచ్చు, అప్పుడు అదే పనికి దాదాపు రోజంతా పడుతుంది. కేబుల్ గుచ్చిన పోర్టు స్పీడు ముందే చూసుకోండి.

ఎండాకాలం సాయంత్రం హనుమకొండలో గాలిదుమారం లేస్తే కరెంటు పోతుంది. యూపీఎస్‌కు సర్వరొక్కటే కాదు, నెట్‌వర్క్ స్విచ్చు, బ్యాకప్ డిస్కుల పెట్టె కూడా తగిలించాలి.