పేషెంట్ లిఫ్ట్‌తో మొదటిసారి ఎత్తే ముందు

పక్షవాతం వచ్చిన మా జేజిని నాలుగు నెలలు చేతులతోనే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాం. మా నాయన నడుం పట్టేసి ఆయన కూడా మంచమెక్కాక గానీ మనిషిని గుడ్డలో కూర్చోబెట్టి మంచం మీంచి ఎత్తే ఈ లిఫ్ట్ మిషన్ అద్దెకు తేవాలన్న బుద్ధి మాకు పుట్టలేదు. అనంతపురంలో ఒక షాపాయన తెచ్చి దించేసి, "ఈ పిడి కొడితే లేస్తుంది, ఈ మర తిప్పితే దిగుతుంది, అంతే" అని రెండు నిమిషాల్లో వెళ్లిపోయాడు. అంతే కాదని తర్వాత తెలిసింది.

అన్నిటికన్నా ముందు స్లింగ్ చూసుకోండి, మనిషిని మోసేది ఆ గుడ్డే. మాకిచ్చింది ఎవరో భారీ మనిషిది. జేజి 40 కిలోలు కూడా తూగదు, అందులో కూర్చోబెడితే మధ్యలోంచి జారిపోయేలా ఉంది. మరీ చిన్నదైతే తొడలు ఒరుసుకుంటాయి. బరువు, ఎత్తు చెప్పి సరైన సైజు అడగండి, ఆ మిషన్‌కి సరిపోయేదే తీసుకోండి. ఎన్ని కిలోల వరకు ఎత్తొచ్చో మిషన్ మీదా స్లింగ్ లేబుల్ మీదా ఉంటుంది, రెండిట్లో ఏది తక్కువైతే అదే లెక్క. లేబుల్ చెరిగిపోయినా, కుట్టు ఊడినా, పట్టీ పీచు లేచినా పక్కన పెట్టేయండి, సూదీ దారంతో సరిపెట్టే పని కాదది. ఉతికితే నీడలో ఆరేయండి, మన ఎండలకు ఆ పట్టీలు బలం పోతాయి. బ్లీచింగ్ అసలు వద్దు.

తర్వాత ఇల్లు. మిషన్ కాళ్లు మంచం కిందికి దూరాలి. కింద అరలున్న దివాన్ అయితే దూరవు, మేం దాన్ని తీసేసి పాత ఇనుప మంచం వేశాం. నేల కడప బండలదైతే సందుల్లో చిన్న చక్రం ఇరుక్కుంటుంది, తడిగా ఉంటే తోసేవాళ్లకే కాలు జారుతుంది. మనిషిని వేలాడదీసి గడప దాటించడం మాత్రం వద్దే వద్దు, మిషన్ ఒరిగిపోతుంది. వీల్‌చైరునే మంచం పక్కకి తెచ్చుకోండి.

జేజి కంటే ముందు మేం ఒకరినొకరం ఎత్తుకున్నాం. నవ్వులాటగానే మొదలైంది గానీ గాల్లో వేలాడుతుంటే కడుపులో ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది, అప్పట్నుంచి "లేపుతున్నాం జేజీ" అని చెప్పకుండా పిడి ముట్టుకోవట్లేదు.

ఎత్తేటప్పుడు ఒకరు పిడి దగ్గర, ఒకరు మనిషి దగ్గర, ఇద్దరుండాలి. మంచానికి, వీల్‌చైరుకి బ్రేకులు వేయండి. లిఫ్ట్ చక్రాలకు మాత్రం చాలా మిషన్లలో ఎత్తేటప్పుడు బ్రేకు వేయకూడదు, బరువును బట్టి అది కొంచెం కదిలి సర్దుకోవాలి. మీ మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో ఏముందో చూసుకోండి. మిషన్ కాళ్లు పూర్తిగా వెడల్పు చేశాకే లేపాలి. కుడి భుజం దగ్గర స్లింగ్ పట్టీకున్న ఏ రంగు లూపు కొక్కేనికి తగిలిస్తే ఎడమ వైపూ అదే రంగు, తొడల దగ్గరా అంతే. మంచం మీంచి రెండు అంగుళాలు లేవగానే ఆగి, నాలుగు లూపులూ చేత్తో తడిమి చూడండి. మా ఇంట్లో ఒక లూపు కొక్కెం అంచున వేలాడుతుండటం ఇలాగే కనిపెట్టాం, ఇంకో జానెడు లేపి ఉంటే ఏమయ్యేదో అనుకుంటే ఇప్పటికీ టెన్షనే. యూరిన్ బ్యాగు మంచానికి తగిలించి ఉంటే ముందే తీయండి, లేకపోతే గొట్టం లాగేస్తుంది. పైన అడ్డకమ్మీ ఊగి మొహానికి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టండి. దించేటప్పుడు మర కొద్దికొద్దిగా తిప్పాలి, ఒక్కసారి తిప్పితే దబ్బున దిగుతుంది.

బ్యాటరీతో నడిచేదైతే రాత్రే చార్జింగ్ పెట్టుకోండి. మధ్యలో ఆగిపోతే చేత్తో ఎలా దించాలో, అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్ ఎక్కడుందో షాపాయన ఉండగానే చేసి చూడండి. తుంటి ఆపరేషన్ అయినవాళ్లనైతే డాక్టర్ని అడక్కుండా స్లింగ్‌లో కూర్చోబెట్టొద్దు.

ఇంట్లో మీరొక్కరే ఉన్నప్పుడు బాత్రూంకి పోవాలంటే బెడ్‌పాన్ పెట్టండి. జేజి గొణుగుతుంది, గొణగనీయండి.