చివరి పీరియడ్ తేదీ నుంచి డ్యూ డేట్ లెక్క వేసుకోవడం ఎలా

నెల తప్పిందని చెప్పగానే ఇంట్లో అందరూ డెలివరీ ఎప్పుడని అడుగుతారు, డాక్టర్ మాత్రం ముందు చివరి పీరియడ్ ఎప్పుడొచ్చిందని అడుగుతారు. కావాల్సింది బ్లీడింగ్ సరిగ్గా మొదలైన రోజు తేదీ. ఆగిన రోజు కాదు, ముందు రోజు బట్టకి అంటిన చిన్న మరక కూడా కాదు.

ఆ రోజు నుంచి 280 రోజులు లెక్కపెడితే డ్యూ డేట్ వస్తుంది. నోటిలెక్కకైతే తేదీకి 7 రోజులు కలిపి 9 నెలలు ముందుకెళ్లండి. మార్చి 10న పీరియడ్ వచ్చిందనుకుంటే డిసెంబర్ 17. రోజులు ఒక్కొక్కటిగా లెక్కపెడితే డిసెంబర్ 15 వస్తుంది, నెలలన్నీ ఒకే పొడవు ఉండవు కాబట్టి ఆ తేడా, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఈ లెక్క 28 రోజులకోసారి పీరియడ్స్ వచ్చేవాళ్లది. అండం సుమారుగా తర్వాతి పీరియడ్‌కి 14 రోజుల ముందు విడుదలవుతుంది, అందుకే వెనక నుంచి లెక్కపెట్టాలి. మీకు 35 రోజులకోసారి వస్తుంటే మార్చి 10 తర్వాత పీరియడ్ ఏప్రిల్ 14న రావాలి, అందులోంచి 14 తీసేస్తే మార్చి 31, గర్భం నిలిచింది దాదాపు అప్పుడే. అండం ఒక్క రోజుకి మించి బతకదు గానీ వీర్యకణాలు లోపల 5 రోజుల వరకు ఉండగలవు, కాబట్టి భార్యాభర్తలు కలిసింది మార్చి 26 నుంచి 31 మధ్య ఎప్పుడైనా కావచ్చు. డ్యూ డేట్ కూడా డిసెంబర్ 15 నుంచి 7 రోజులు జరిగి డిసెంబర్ 22 అవుతుంది. 24 రోజుల సైకిల్ అయితే 4 రోజులు వెనక్కి.

ఇంకో మాట, ఇది తెలియక కాపురాల్లో అనవసరమైన అనుమానాలు వస్తాయి. కలిసి మూడు వారాలే అయితే రిపోర్టులో ఐదు వారాలని ఎందుకు రాశారని భయపడకండి, భర్తకి కూడా విడమరిచి చెప్పండి. వారాలు లెక్కపెట్టేది పీరియడ్ మొదటి రోజు నుంచి, అంటే గర్భం నిలవకముందు రెండు వారాలు కూడా అందులో కలిసే ఉంటాయి.

పీరియడ్స్ క్రమంగా రానివాళ్లు, పాలిస్తూ ఉండగా నెల తప్పినవాళ్లు, తేదీ గుర్తులేనివాళ్లు ఈ లెక్కని నమ్ముకోవద్దు. 14 వారాల లోపు చేసే స్కానింగ్‌లో బిడ్డ పొడవు కొలిచి చెప్పే తేదీయే నమ్మకమైనది. పీరియడ్ లెక్కకీ దానికీ వారానికి మించి తేడా ఉంటే డాక్టర్ డ్యూ డేట్ మారుస్తారు. తర్వాతి స్కానింగ్‌లలో వేరే తేదీలు కనిపించినా మొదటిదే ఉంచుకోండి, నెలలు గడిచేకొద్దీ బిడ్డల సైజులో తేడాలు సహజం. చివరి పీరియడ్ ఎప్పటికంటే బాగా తక్కువగా వచ్చి ఉంటే అది కూడా చెప్పండి, ఒక్కోసారి గర్భం వచ్చాక కనిపించిన బ్లీడింగ్‌ని పీరియడ్ అనుకుంటాం, అప్పుడు లెక్క సుమారు నెల తప్పుతుంది. ఐవీఎఫ్ (ల్యాబ్‌లో పిండాన్ని తయారుచేసి గర్భాశయంలో పెట్టే పద్ధతి) అయితే ఇదంతా అక్కర్లేదు, 5 రోజుల పిండాన్ని పెట్టిన రోజుకి 261 రోజులు కలిపితే చాలు.

ఇంత లెక్క వేసినా సరిగ్గా ఆ రోజే పురుడు పోసుకునేవాళ్లు 20 మందిలో ఒకరు, అంతే. 37 వారాలు నిండాక ఎప్పుడైనా నొప్పులు రావచ్చు. బ్లీడింగ్ కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా డేట్ ఇంకా ఉంది కదా అని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.