పసిపిల్లలతో సాల్మన్ చేపలు చూడాలంటే

సియాటిల్‌లో ఉండి, ఇంట్లో రెండు మూడేళ్ల పిల్లలుంటే ఒక మధ్యాహ్నం బాలార్డ్ లాక్స్‌కి (గేట్లు మూసి, నీటిమట్టం పెంచి తగ్గించి పడవల్ని సముద్రానికీ సరస్సులకీ మధ్య దాటించే చోటు) వెళ్లిరండి. టికెట్ లేదు. మన పులస గోదావరికి ఎదురీదినట్టే ఇక్కడ సాల్మన్ చేపలు సముద్రం నుంచి మంచినీళ్లలోకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటి కోసం కట్టిన 21 మెట్ల ఫిష్ ల్యాడర్ (చేపలు ఒక్కో మెట్టూ ఎక్కి పైకి పోయే నీటి దారి) పక్కనే, నేల కింద అద్దాల గది ఉంది. పిల్లలు నిలబడితే చేప సరిగ్గా వాళ్ల మొహం ముందు నుంచే పోతుంది. ఎత్తుకుని చూపించే పని ఉండదు!

ఎప్పుడు వెళ్లాలన్నదే ముఖ్యం. సాల్మన్‌లలో సాకై రకం జులైలో, పెద్ద చినూక్‌లు ఆగస్టు చివర్లో, కోహోలు సెప్టెంబర్ చివర్లో ఎక్కువ. చలికాలంలో వెళ్తే ఖాళీ అద్దాలు చూసి రావాలి.

మధ్యాహ్నం నిద్ర లేచాకే బయల్దేరండి. గది చీకటిగా, కొంచెం చల్లగా ఉంటుంది, పల్చటి స్వెటర్ పెట్టుకోండి. అద్దాల గది దక్షిణపు ఒడ్డున ఉంది. బాలార్డ్ వైపు నుంచి వస్తే లాక్ గేట్ల మీద సన్నటి దారిలో నడవాలి, అక్కడ పిల్లల చెయ్యి వదలొద్దు. పడవ వస్తే గేట్లు తెరుస్తారు, కాసేపు ఆగాల్సిందే. విసుక్కోకండి, చాలామంది పిల్లలకి చేపల కన్నా ఆ పడవలే ఎక్కువ నచ్చుతాయి.