నట్టలతో చిక్కిపోయిన కోడికి వైద్యం చేసే పద్ధతి

హైదరాబాద్‌లో జూన్‌లో వానలు మొదలై పెరటి మట్టి ఆరకుండా ఉండే రోజుల్లో, కోళ్లు ఒకటొకటిగా మేత తగ్గించి, రెక్కలు వేలాడేసుకుని మూలన కునుకుతూ కనిపిస్తాయి. కొందరు కొక్కెర తెగులేమోనని, అంటే మందకు మందనే చంపే అంటువ్యాధేమోనని హడలిపోతారు, కొందరు వాతావరణం మారిందిలే అని ఊరుకుంటారు. వీటిలో కొన్నింటికి అసలు జబ్బు కడుపులోని నట్టలు, అంటే పేగుల్లో పెరిగే పురుగులు. ఇది నయమయ్యే జబ్బే. అయితే నట్టలు బాగా పెరిగి నీరసించిన కోడి విషయంలో, మందు ఏదన్న ప్రశ్న కంటే, దాన్ని ఎప్పుడు, ఎంత, ఎంత నిదానంగా ఇస్తున్నామన్నదే ప్రాణాన్ని నిలుపుతుంది.

ఈ మాట నేను ఒక పెట్టను పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఉప్పల్‌లో ఉన్నప్పుడు, బాగా చిక్కిపోయిన ఆ పెట్టకు బరువు చూడకుండా, నట్టలను వెంటనే పడగొట్టే మందును అంచనా మీద పోశాను. మర్నాడు మధ్యాహ్నానికి అది చనిపోయింది. పొట్ట కోసి చూస్తే, చిన్నపేగులో జానెడు మేర తెల్లటి ఏలికపాములు ఉడికించిన సేమియా ముద్దలా పెనవేసుకుని దారి మొత్తం మూసేసి ఉన్నాయి.

ముందుగా జబ్బును నిర్ధారించుకోవాలి. కోడిని ఒళ్లో పెట్టుకుని రొమ్ము మీద వేళ్లు ఆనిస్తే, ఎముకకు రెండు వైపులా కండ ఉండాల్సిన చోట గుంట పడి, ఎముక కత్తి అంచులా తగులుతుంది. ఎర్రగా ఉండాల్సిన జుట్టు, ముఖం పాలిపోయి ఉంటాయి, మేత తింటున్నా బరువు తగ్గుతూ ఉంటుంది, గుడ్లు తగ్గుతాయి లేదా ఆగిపోతాయి. తాజా రెట్టలో పొడవాటి తెల్లటి పురుగు కనిపిస్తే అది ఏలికపాము, అన్నం మెతుకుల్లాంటి ముక్కలు కనిపిస్తే అవి బద్దె పురుగు (నాడాలా చదునుగా ఉండే నట్ట) తునకలు. రెట్టలో రక్తం పడుతుంటే, ముఖ్యంగా పిల్లల్లో, అది రక్తపారుడు (కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు) కావచ్చు. పచ్చటి విరేచనాలతో మెడ మెలి తిరగడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, ఒకేసారి పలు కోళ్లు పడిపోవడం చూస్తే అది కొక్కెర తెగులు అనుమానించాల్సిన విషయం. ఈ రెండింటికీ నట్టల మందు పనికిరాదు, కాబట్టి తాజా రెట్టను చిన్న డబ్బాలో వేసి పశువైద్యశాలకు తీసుకెళ్లి అందులో నట్టల గుడ్లు ఉన్నాయేమో పరీక్ష చేయించడం మంచిది. రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, ఇంటి దగ్గరికి పశువైద్య సంచార వాహనం కావాలంటే 1962కు ఫోన్ చేయవచ్చు.

జబ్బు కోడిని తక్షణం మిగిలిన వాటి నుంచి వేరు చేసి, గాలి తగిలే గంప కింద, పొడి పాత గుడ్డలో ఉంచాలి. మొదటి రోజు నట్టల మందు జోలికి వెళ్లవద్దు. మందుల దుకాణంలో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసిన కొలత నీళ్లలోనే కలిపి, గంటకొకసారి తాగనివ్వాలి. ఉడికించిన గుడ్డు చిదిమి, మెత్తటి అన్నంతో కలిపి కొద్దికొద్దిగా పెట్టాలి. ఉదయాన్నే మెడ కింద మేత సంచిని తడమాలి. రాత్రి తిన్నది అరిగి ఖాళీ అయితే మంచి గుర్తు, గట్టిగా నిండి ఉంటే మందు వేయకుండా డాక్టరుకు చూపించాలి.

రెండో రోజుకు కోడి నిలబడి తాగుతుంటే, కూరగాయల సంచిలో కూర్చోబెట్టి వేలాడే కాటా మీద తూచండి. కంటి అంచనా చాలా మోసం చేస్తుంది. ఈకల వల్ల రెండు కిలోల్లా కనిపించే కోడి కిలోన్నర కూడా ఉండకపోవచ్చు. ఇక మందు సంగతి. పైపెరజైన్, లెవామిసోల్ నట్టలకు పక్షవాతం తెప్పించి ఒకేసారి పడగొడతాయి కాబట్టి, పేగు నిండా నట్టలున్న కోడికి అవి మొదటి మందుగా నాకు సరిపడవు. ఫెన్‌బెండజోల్ నట్టకు శక్తి అందకుండా చేసి నిదానంగా చంపుతుంది. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకొకసారి, వరుసగా 5 రోజులు ఇవ్వాలి. 2.5 శాతం ద్రావణంలో ఒక మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు ఉంటాయి, అంటే కిలోన్నర కోడికి 0.6 మిల్లీలీటర్లు. సీసా మీద 10 శాతం అని ఉంటే ఇదే లెక్క నాలుగో వంతుకు తగ్గుతుంది కాబట్టి, లేబుల్ చదవకుండా సిరంజి నింపవద్దు. మోతాదును పశువైద్యుడితో ఒకసారి సరిచూసుకోండి. కోడి ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతున్న సమయంలో ఈ మందు వాటిని వంకరగా పెరిగేలా చేయవచ్చు, కాబట్టి అప్పుడు వేరే మందు అడగాలి. బద్దె పురుగులు కనిపిస్తే ప్రాజిక్వాంటెల్ కిలోకు 10 మిల్లీగ్రాములు విడిగా ఇప్పించాలి.

మందు పోసేటప్పుడు కోడిని చంకలో ఆనించి, ముక్కు పక్క నుంచి చుక్కచుక్కగా నాలుక మీద వదలాలి. నాలుక వెనుకనే శ్వాసనాళం నోరు ఉంటుంది, ఒక్కసారిగా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మొదటి రెండు మూడు రోజుల్లో రెట్టలో నట్టలు పడతాయి. ఆ రెట్టను రోజూ ఎత్తి లోతుగా పూడ్చాలి. చికిత్స నడిచిన రోజుల్లోనూ, ఆ తరువాత రెండు వారాల వరకూ ఆ కోడి గుడ్లను మా ఇంట్లో ఎవరికీ పెట్టము.

చాలామంది వదిలేసేది నేల సంగతి. ఏలికపాము గుడ్లు రెట్టతో బయటపడి, వెచ్చటి తడి మట్టిలో రెండు మూడు వారాల్లో సోకే స్థితికి వస్తాయి, నెలల తరబడి బతికే ఉంటాయి. మామూలు ఫినాయిల్ వాటిని చంపదు. ఎండ, ఆరిన నేల చంపుతాయి. అందుకే గూట్లోని తడిసిన ఊకంతా తీసేసి, నేల ఆరబెట్టి, సున్నం చల్లి, కొత్త ఊక పరచాలి. నీళ్ల పాత్రను రెండు ఇటుకల ఎత్తున పెడితే దాని చుట్టూ బురద కాదు, రెట్ట నీళ్లలో పడదు. చీమలు, పేడపురుగులు బద్దె పురుగును మోసుకొస్తాయి, వాటిని తినే కోళ్లకు అది సోకుతుంది. కుళ్లిన కుప్పలు గూటి దగ్గర ఉండకూడదు. మేడ మీద గూడు కట్టుకున్నవారికి ఇది తేలిక, ఎండ నేరుగా పడుతుంది, గచ్చు కడిగి ఆరబెట్టవచ్చు.

మొదటి విడత ముగిసిన రెండు మూడు వారాలకు, అప్పటికి పెరిగిన కొత్త నట్టల కోసం రెండో విడత ఇవ్వాలి. అదే మందలోని మిగిలిన కోళ్లకు జబ్బు కనిపించకపోయినా వాటికీ ఇవ్వాలి, లేదంటే కోలుకున్న పెట్ట అదే మట్టిలో మళ్లీ నట్టల గుడ్లు ఏరుకుంటుంది. రెండో విడత తరువాత పది రోజులకు మరోసారి రెట్ట పరీక్ష చేయించి, అదే సంచిలో, అదే కాటా మీద కోడిని తూచి, ఆ అంకెను పాత అంకె పక్కన రాసుకోండి.