ఊళ్లో వైఫై డబ్బా, సిటీలో మనం: "నెట్ వస్తలేదు" అని ఫోనొస్తే ఏం చూడాలి

పిల్లలు హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు దేవరకొండలోనో కల్వకుర్తిలోనో. సాయంత్రం ఫోన్ వస్తుంది, "నెట్ వస్తలేదు బిడ్డా" అని. ఆ ఒక్క మాట వెనక సవాలక్ష కారణాలు ఉండొచ్చు కాబట్టి ముందు డబ్బా మీది లైట్లకు ఫొటో తీసి పంపమనండి. ఇంకో మాట ఇప్పుడే గట్టిగా చెప్పి పెట్టండి: స్విచ్ ఆపి వేస్తే ఫర్వాలేదు గానీ వెనక చిన్న రంధ్రంలో ఉండే రీసెట్‌ను పిన్నుతో పొడవొద్దు. అది నొక్కితే పీపీపీఓఈ (ఆపరేటర్ నెట్‌లోకి డబ్బా లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబర్ (ఆపరేటర్ లైన్‌లో మన నెట్ ఏ దారిన రావాలో చెప్పే అంకె) అన్నీ పోవచ్చు. అప్పటిదాకా చిన్నదిగా ఉన్న సమస్య ఆపరేటర్ మనిషి ఇంటికొస్తే తప్ప తీరనిదవుతుంది.

ఎల్ఓఎస్ దగ్గర ఎర్ర లైట్

ఫైబర్‌లో వెలుతురు డబ్బా దాకా రావడం లేదని అర్థం. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ తెంపి ఉండొచ్చు, గడ్డి నిండా వేసుకుని పోయే ట్రాక్టర్ వేలాడే వైరును లాగి ఉండొచ్చు, అచ్చంపేట వైపైతే కోతుల పని కూడా కావచ్చు. ఇంట్లో చూడాల్సినవి రెండే. డబ్బాకు గుచ్చిన ఆకుపచ్చ కనెక్టర్ టక్కుమనేలా లోపలికి కూర్చుందా, బీరువా వెనకో కిటికీ సందులోనో వైరు మడతపడి నలిగిందా? కనెక్టర్ ఊడదీసి అందులోకి కన్ను పెట్టి చూడొద్దు, ఆ వెలుతురు కంటికి కనబడదు కానీ కంటికి మంచిది కాదు. ఇవి రెండూ బాగుంటే సెట్టింగుల జోలికి పోకుండా కంప్లైంట్ ఇవ్వడమే.

రోజుకోసారి తెగిపోయి మళ్లీ వస్తోంది

నా దృష్టిలో ఎక్కువ టైం వేస్టయ్యేది ఇక్కడే, ఎందుకంటే కస్టమర్ కేర్‌కు ఎప్పుడు చేసినా "రీస్టార్ట్ చేయండి సార్" అంటారు, చేస్తే వస్తుంది, మర్నాడు మళ్లీ పోతుంది. డబ్బా పేజీలో (వైఫై మీదున్న ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే వచ్చేది) ఆప్టికల్ లేదా పాన్ స్టేటస్ అనే చోట ఆర్ఎక్స్ పవర్, అంటే డబ్బాకు అందుతున్న వెలుతురు కొలత ఉంటుంది, అది చూడండి. జీపాన్ (ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) కనెక్షన్లలో మామూలుగా వాడే డబ్బాలు సుమారు మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం దాకా తట్టుకుంటాయి. డీబీఎం ఆ వెలుతురు కొలత, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తక్కువ. మైనస్ 20 దగ్గరుంటే నిశ్చింత, 26 దాటిందంటే అంచు మీద ఉన్నట్టే. ఇక్కడ 3 డీబీ తగ్గితే వెలుతురు సగమైనట్టు, అంటే కనెక్షన్ ఇచ్చిన రోజు మైనస్ 20 ఉండి ఇప్పుడు మైనస్ 26 చూపిస్తే నాలుగో వంతే మిగిలింది. కనెక్టర్‌లో దుమ్ము, స్తంభం దగ్గర సరిగ్గా పడని జాయింటు, ఎక్కడో ఒక మడత, వీటిలో ఏదో ఒకటి. అందుకే కొత్త కనెక్షన్ పెట్టించిన రోజే ఆ అంకెను ఫొటో తీసి దాచుకోండి. "నెట్ స్లో" అంటే కదలని లైన్‌మన్ "20 ఉండేది 26 అయింది" అంటే నిచ్చెన తెస్తాడు.

రీడింగ్ బాగుండీ డబ్బా తనంతట తాను ఆగి లేస్తుంటే అడాప్టర్‌ను అనుమానించండి. కొత్తది కొంటే వోల్టులు అచ్చం అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకన్నా ఎక్కువున్నా ఫర్వాలేదు. పిన్ను సైజు, ప్లస్ మైనస్ గుర్తు కూడా కలవాలి. ఎండాకాలం కరెంటు కోతలకు డబ్బా వోల్టులకు సరిపడే మినీ యూపీఎస్ ఒకటి తగిలించండి.

పాన్ లైట్ పచ్చగానే ఉంది, ఇంటర్నెట్ లైట్ లేదు

ఫైబర్ బాగానే ఉందన్నమాట. ముందు ప్యాక్ అయిపోయిందేమో చూడండి, నవ్వకండి, చాలాసార్లు అదే. ప్యాక్ ఉంటే పీపీపీఓఈ లాగిన్ అవ్వడం లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు పాత సెషన్ ఆపరేటర్ సర్వర్‌లో ఇరుక్కుపోతుంది, డబ్బా ఆపి పది నిమిషాలాగి వేస్తే సాధారణంగా సర్దుకుంటుంది. డబ్బా మార్చాకే ఈ సమస్య మొదలైతే వీలాన్ నంబర్ తప్పు పడి ఉంటుంది, అది ఊహించి వేసేది కాదు, ఆపరేటర్‌నే అడగాలి.

192.168.1.1 కొడితే పేజీ రావడం లేదు

ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్‌లో ఉండి ఉంటుంది. వైఫైలో నెట్ లేదని గమనించి ఫోన్ డేటా మీదికి వెళ్లిపోతుంది, ఆ దారిలో మన డబ్బా ఉండదు కదా. అందుకే ఇంట్లో రెండు ఫోన్లు వాడించండి: ఒకటి డేటా మీద మీతో వీడియో కాల్‌లో, రెండోది డేటా ఆపేసి వైఫై మీద.

మీరు సొంత రౌటర్ కూడా తగిలించి ఉంటే రెండింటికీ ఒకటే అడ్రస్ పడి కొట్టుకుంటుండొచ్చు. సొంతదాన్ని 192.168.50.1 లాంటి దానికి మార్చండి. వెనక గదిలో సిగ్నల్ కోసమే పెట్టుకుని ఉంటే యాక్సెస్ పాయింట్ మోడ్ (అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) చాలు. పాలమూరు పాత ఇళ్ల మందపాటి రాతిగోడలు 5 గిగాహెర్ట్జ్‌ను దాటనివ్వవు, రిపీటర్ల మీద డబ్బులు పెట్టే బదులు లాన్ కేబుల్ లాగించి రెండో రౌటర్ పెట్టడమే నయం.

నేను మార్చిన సెట్టింగ్ మళ్లీ పాతదైపోతోంది

దయ్యం కాదు, టీఆర్-069. ఆపరేటర్ తన సర్వర్ నుంచి అందరి డబ్బాలనూ సరిచేసే పద్ధతి ఇది, 2004 నుంచి ఉంది. మీ డబ్బా మధ్యమధ్యలో ఆ సర్వర్‌కు హాజరు వేయించుకుంటుంది, అప్పుడు అక్కడున్న సెట్టింగులు మీ వాటి మీద పడతాయి. దాన్ని ఆపేయడం నాకు నచ్చదు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్లూ ఆ దారినే వస్తాయి. డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరును అడ్రస్‌గా మార్చేది) లాంటి మార్పులు మీ సొంత రౌటర్‌లో చేసుకోండి, దాని జోలికి ఎవరూ రారు.

హైదరాబాద్ నుంచి ఇంటి రౌటర్ తెరుచుకోవడం లేదు

డబ్బా పేజీలో వాన్ ఐపీ, అంటే ఆపరేటర్ మీ డబ్బాకు ఇచ్చిన అడ్రస్ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే సీజీనాట్, అంటే ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమంది పంచుకుంటున్నారు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని ఇంట్లోని ఒక పరికరానికి పంపే సెట్టింగ్) ఎంత చేసినా బయటి నుంచి లోపలికి దారి లేదు. నెలకు ఇంత కట్టి స్టాటిక్ ఐపీ (మనకే ఉండే, మారని అడ్రస్) తీసుకోవచ్చు, కానీ ఇంటి అవసరానికి అది దండగ. రౌటర్ కంపెనీ యాప్‌లో క్లౌడ్ ఖాతా పెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రౌటరే బయటికి కనెక్ట్ అవుతుంది. ఇంకాస్త ఓపిక ఉంటే ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టి అందులో టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ యాప్ వేసి సబ్‌నెట్ రౌటర్‌గా (ఇంటి నెట్‌వర్క్ అంతటికీ దారి ఇచ్చేలా) తిప్పండి, డబ్బా పేజీ పక్కగదిలో ఉన్నట్టే తెరుచుకుంటుంది.

పబ్లిక్ ఐపీ ఉన్నవాళ్లు మాత్రం సులువని రిమోట్ మేనేజ్‌మెంట్ టిక్కు పెట్టి పేజీని నేరుగా ఇంటర్నెట్ మీదికి తెరవొద్దు. 2016 నవంబరులో జర్మనీలో డాయిష్ టెలికామ్ రౌటర్ల మీద ఇలా బయటికి తెరిచి ఉన్న 7547 పోర్టు (టీఆర్-069 వాడే ద్వారం) నుంచే దాడి జరిగింది, దాదాపు 9 లక్షల కనెక్షన్లు దెబ్బతిన్నాయి. ఇప్పటికే తెరిచి ఉంటే ఇవాళే మూసేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉందేమో కూడా చూడండి.